టేపు పొరల్లో అమ్మీ

కరెంటొస్తే అమ్మీ వస్తుంది. అజాన్ వినబడితే అబ్బా వెళ్లిపోతాడు. రెండింట్లో ఏది ముందో షాద్‌నగర్‌లో ఆ సాయంత్రం ఎవరూ చెప్పలేరు. వాకిట్లో నులక మంచం పట్టె మీద కూర్చున్న కరీం ఒక చెవి కరెంటు స్తంభం మీద, ఒక చెవి మసీదు మైకు మీద పెట్టి కదలకుండా ఉన్నాడు. చొక్కా జేబులో కాగితం చుట్టిన బ్లేడు ఉంది. ఎదురుగా, గడపకు కాస్త లోపల, ఎత్తు స్టూలు మీద చెక్క డబ్బా. డబ్బాకు ముందు పక్క గాజు, గాజు నిండా టేపు. కంపెనీల్లో అట్టపెట్టెలు మూయడానికి వాడే గోధుమ రంగు టేపు, అంతే. ఇప్పుడు చూస్తే ఎవరో చేతగాని మనిషి పగిలిన కిటికీని అతికించినట్టు ఉంది. వెనక బల్బు వెలిగితేగాని అందులో ఒక ఆడమనిషి ఉందని, ఆమె పేరు అమీరున్నీసా అని, పోయి ముప్ఫై ఏళ్లు కావస్తోందని ఎవరికీ తెలియదు. అబ్బా చూసి "మీ అమ్మే" అంటే ఆ డబ్బా ఇంట్లో ఉంటుంది. కాదంటే జేబులో బ్లేడు ఉంది.

బ్లేడు దాకా తెచ్చింది అజీజా ఆపా. నందికొండ నుంచి పోయిన నెల వచ్చింది, తమ్ముడి ఇంట్లో రెండు రోజులు ఉందామని. కరీం ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి గాజు ముందు కూర్చోబెట్టి, తలుపులు మూసి, స్విచ్ వేశాడు. ఆపా చెయ్యి నోటికి పోయింది. కరీం గుండె నిండిపోయింది. అంతలోనే ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "ఎవర్రా ఈమె?" అంది. కరీం నవ్వాడు, హాస్యానికి అంటోందనుకుని. ఆపా నవ్వలేదు. దగ్గరికి జరిగింది, దూరం జరిగింది, కొంగు సర్దుకుని తల పక్కకు వంచి చూసింది. "అమ్మీని జూసినట్టే ఉన్నది, గానీ అమ్మీ గాదురా. అమ్మీకి చెల్లెలుంటె గిట్ల ఉండేదేమో." ఏం తేడా ఉందో చెప్పమని బతిమాలాడు. చెప్పలేకపోయింది. కళ్లు అవే, గడ్డం అదే, కనుబొమ మీది మచ్చ కూడా ఉంది, అయినా అమ్మీ కాదు. మర్నాడు బస్సెక్కి పోయింది. అప్పటి నుంచి కరీంకు అన్నం లోపలికి పోతే ఒట్టు. తేడా బొమ్మలో లేకపోతే మరెక్కడ ఉన్నట్టు? తన తలలో. ఇన్నేళ్లు అమ్మీ అనుకుని ఎవరి మొహం మోసుకు తిరిగాడు?

గోడ అవతలి నుంచి ఇంటి ఓనరు మైసమ్మ తల పైకి లేచింది. "ఏంరా కరీం, మీ అమ్మ ఇంక రాలేదా?" అంది. రాలేదు అవ్వా, తీగలో ఇరుక్కున్నట్టుంది అన్నాడు. మైసమ్మ తంబాకు నములుతూ ఆ మాటకు నవ్వి, వస్తే పిలవమని చెప్పి దిగిపోయింది. ఆమెకు నమ్మకం. నమ్మకం ఎందుకు ఉండదు, ఆమెకు చచ్చిపోయిన బర్రెను తెచ్చి ఇచ్చింది కరీమే కదా. నిరుడు కిరాయి వసూలుకు వచ్చినప్పుడు ఊరికే అడిగింది, నా బర్రెను చేస్తవా అని. ఎట్లుండేది అంటే చేతులు తిప్పి చెప్పింది, ఒక కొమ్ము చెవి మీదికి వంగి ఉండేదనీ, మొహం మీద తెల్ల చుక్క అనీ. బల్బు వేసేసరికి మైసమ్మ కూలబడి, "నా తల్లీ, నా బంగారమా" అని బర్రె కోసం గుండెలు బాదుకుంది. ఎన్నడూ చూడని బర్రెను దాని యజమాని గుర్తుపట్టింది. ఒడిలో పెంచిన తల్లిని కూతురు గుర్తుపట్టలేదు. దీనికేం చెప్పాలి.

ఇంట్లో నుంచి తస్బీ పూసలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు. అబ్బా ఉన్నాడు, గదిలో, డబ్బాకు వెనకాల. ఆ ఏర్పాటు అబ్బాదే. జమాత్‌తో నలభై రోజులు మతబోధకు ఊళ్లు తిరగడానికి తిరుమలగిరి నుంచి బయల్దేరి, జమాత్ వాళ్లంతా షాద్‌నగర్ మసీదులో కలుస్తున్నారని పొద్దున దిగాడు అబ్బా, బాబా మియా. పొద్దు వాలాక చేసే అసర్ నమాజు అయ్యాక, కొడుకు రమ్మంటే ఇంటికి వచ్చాడు. కరీం భార్య హనీఫా, మామకు చాయ్ ఇచ్చి, వాకిట్లో మంచం మీద దుప్పటి పరిచింది, గాజుకు సరిగ్గా ఎదురుగా. అబ్బా మంచాన్ని చూశాడు, డబ్బాను చూశాడు, కొడుకును చూశాడు. ఇత్తడి గిన్నెలకు తగరం కలాయి పూసిన మనిషి, గిన్నె అడుగున చిల్లి ఎక్కడుందో పైనుంచి చెప్పగలడు. "గీ డబ్బా కోసమేనా రమ్మన్నవ్?" కరీం ఉన్న సంగతి చెప్పాడు. అమ్మీని చేసిన, ఒక్కసారి చూడు, కరెంటొస్తే చాలు. బొమ్మలంటే అబ్బాకు మొదటి నుంచీ గిట్టదు, క్యాలెండర్ మీద పిల్లి ఉన్నా చింపి పొయ్యిలో పెట్టేవాడు. అల్లా లెక్క అడిగే ఖయామత్ నాడు దానికి ప్రాణం పొయ్యమంటే పోస్తవా అనేవాడు. కరెంటు ఇస్తే పోస్త అబ్బా అని ఒకసారి కరీం అంటే నాలుగు నెలలు మాట్లాడలేదు. ఇవాళ మాత్రం కోపం తెచ్చుకోలేదు. కోపం వస్తే బాగుండేది. "ఆమె మొహం నా కాడ ఉన్నది బేటా, నీ డబ్బాల ఎందుకు?" అన్నాడు. తర్వాత, కొడుకు మొహం చూసి కాబోలు, మెత్తబడ్డాడు. "అజాన్ లోపట కరెంటొస్తే అల్లా మర్జీ. అప్పటిదాక ముందల కూసుండ, ఎన్క కూసుంట." చెప్పులు విడిచి, డబ్బా పక్కనుంచి గదిలోకి పోయి, వెనకాల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో నుంచి హనీఫా, మామ వకీలు కావాల్సిన మనిషి అని కొంగులో నవ్వింది.

కరెంటు రాలేదు. పొద్దు ఇంకా ఉంది కాని కిందికి జారుతోంది, ఎదురు లైనులో ఇళ్ల మీది నుంచి దిగి సరిగ్గా కరీం వీపు మీద పడుతోంది. షర్టు వేడెక్కింది. ఇట్లాంటి పొద్దే కదా మొదట తను పనిచేసే కంపెనీలో టేపును చూపించింది. ప్యాకింగ్ సెక్షన్‌లో పడమటి కిటికీ, ఒక పలక పగిలితే ఎవరో టేపు అతికించి వదిలేశారు. డ్యూటీ దిగే ముందు తోటి పనివాడు భిక్షపతి, తనూ అట్టపెట్టెల మీద కూర్చుని ఉన్నారు. ఎండ ఆ పలకలోంచి వచ్చి ఎదుటి గోడ మీద పడింది, ఒక పొర ఉన్నచోట తేనె, రెండు పొరలు పడ్డచోట బెల్లం, మూడు నాలుగు కలిసిన మూల కాలిన పెనం. కరీం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అంత సేపూ గోధుమ రంగు అనుకున్నది ఒక రంగు కాదు, వెలుగు ఎంత ఆగితే అంత రంగు. మర్నాటి నుంచి చుట్ట అయిపోగా మిగిలిన ముక్కలు జేబులో వేసుకొచ్చేవాడు. మొదట లోటా చేశాడు, తర్వాత కోడిపుంజు, తర్వాత పీర్ల పండుగలో నిప్పుల గుండం చుట్టూ మనుషులు. గీతలు లేవు, రంగులు లేవు, చీకటి కావాల్సిన చోట పొర మీద పొర, వెలుగు కావాల్సిన చోట బ్లేడుతో కోసి ఊడబీకడం. భిక్షపతి వారం రోజులు ఆడుకున్నాడు, "టేపుతోని డబ్బాలు మూస్తరు గానీ మనుషులను తెరుస్తరారా" అని. తర్వాత వాడే గణపతి మంటపానికి ఒక ఏనుగు చేయించుకుపోయాడు. బల్బు వేడికి జిగురు కరిగి ఏనుగు తొండం జారి మోకాలి దాకా వచ్చింది. అప్పుడే డబ్బా వెనక చెక్క తీసెయ్యడం నేర్చుకున్నాడు, వేడి పోయేట్టు. ఇప్పుడు ఏ డబ్బాకూ వెనక చెక్క ఉండదు. ముందు గాజు, వెనక ఖాళీ, మధ్యలో వేలాడే బల్బు.

లోటా, పుంజు, ఏనుగు, బర్రె, ఎన్ని చేసినా అవన్నీ చెయ్యి తిరగడానికే. చెయ్యి తిరిగేది ఎందుకో మొదటి రోజు నుంచే తెలుసు. అమ్మీ ఫొటో లేదు. ఊళ్ల మీద తిరిగే కలాయి వాళ్లకు ఫొటోలు ఎక్కడివి, ఉన్నా అబ్బా ఉంచేవాడు కాదు. అమ్మీ ఉన్నది కరీం తలలోనే, అదీ ఒక్క చోటే. ఏ ఊరో గుర్తు లేదు, ఊళ్లన్నీ ఒకటే. చింతచెట్టు నీడలో గుంత తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి పైపు అందులోకి దూర్చి, అబ్బా పట్టకారుతో బగోనె తిప్పుతుంటే అమ్మీ తిత్తి ఊదేది. ఆమె ఒడిలో తను. తిత్తి పైకి లేచినప్పుడల్లా ఆమె మోచెయ్యి తన చెవికి తగిలేది, ఉస్సు మని గాలి, ఒడి కదిలేది, నిద్ర వచ్చేది. కలాయికి చల్లే నవసాగరం వాసన. ఆ వాసన కంపెనీలో ఒకసారి ఎక్కడినుంచో వస్తే పని ఆపి వెతుక్కుంటూ పోయాడు, యాసిడ్ డ్రమ్ము. ఎర్రగా కాగిన ఇత్తడి లోపల తగరం ముక్క ఒక్కసారి నీళ్లయి పారేది, అబ్బా దూది పట్టి గిర్రున రుద్దేవాడు, తెల్ల పొగ లేచేది, పొగ తొలగితే నల్లటి తళ్లెలో చందమామ. ఊరి పిల్లలు ఓ అని అరిచేవాళ్లు. అమ్మీ ఆ తళ్లెను నీళ్లలో ముంచి, కొంగుతో తుడిచి, తన ఒడిలో ఉన్నవాడి మొహం ముందుకు ఎత్తి పట్టేది.

"అండ్ల ఎవరున్నరు?"

"అమ్మీ."

"ఇంక?"

"నేను."

కింద తను, పైన ఆమె. ఒడిలో కూర్చున్నవాడికి తల్లి మొహం కనిపించదు, తళ్లెలోనే కనిపిస్తుంది. అది ఊగుతున్న మొహం, తగరం మెరుపులో అంచులు కరిగిన మొహం, నుదుటి మీద చెమట, కనుబొమను రెండుగా చీల్చిన చిన్న మచ్చ, ఎప్పుడో తగరం చుక్క ఎగిరి పడ్డది. తళ్లె ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకునేవాళ్లు. అమ్మీ ఇస్తూ ప్రతిసారీ అదే హాస్యం ఆడేది, మా మొహాలు అంటుకున్నయి, జర కడుక్కొని తినుండ్రి అని. వాళ్లు తళ్లెతో పాటు ఆ మొహాన్ని కూడా పట్టుకుపోయేవాళ్లు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని తళ్లెలలో అమ్మీ పోయింది. ఒక చలికాలం జ్వరం వచ్చి అసలే పోయింది. తర్వాత స్టీలు గిన్నెలు వచ్చాయి, కలాయి పోయింది. తిత్తి తోలు ఎలుకలు కొరికాయి. అబ్బా కొన్నాళ్లు తిరుమలగిరి అంగట్లో గొడుగులు బాగుచేశాడు, తర్వాత మసీదే ఇల్లయింది. మిగిలింది తళ్లెలో మొహం ఒక్కటే. దాన్నే, దేన్నీ మార్చకుండా, ఎట్లా కనిపించిందో అట్లాగే గాజు మీదికి దించాడు కరీం. బుగ్గకు రెండు పొరలు, కళ్ల కింద మూడు, జుట్టుకు లెక్కలేనన్ని. అన్నిటికంటే చివర, ఊపిరి బిగబట్టి, బ్లేడు మొనతో కనుబొమ మధ్య సన్నటి చీలిక కోశాడు. అందులోంచి వెలుగు సూదిలా బయటికి వచ్చింది. అప్పుడు ఏడ్చాడు.

ఆపా వెళ్లాక ఆ బొమ్మను ఎంత హింస పెట్టాడు. గడ్డం దగ్గర ఒక పొర తీశాడు, మళ్లీ వేశాడు. పెదవి సన్నం చేశాడు, ఎవరో కోడలు పిల్లలా అయింది, మళ్లీ లావు చేశాడు. హనీఫా చూసి చూసి, "ఇంక ముట్టకు, ముట్టినకొద్ది దూరం పోతాంది" అంది. నిజమే. తిరిగి మొదటిలా అతికించి చేతులు కట్టుకున్నాడు. ఇక ఒకే ఒక్క సాక్షి ఉన్నాడు ఈ లోకంలో, ఆయన గాజు వెనక కూర్చుని పూసలు లెక్కపెడుతున్నాడు. ఆయన కూడా ఎవరీమె అంటే? అప్పుడు అమ్మీ రెండోసారి పోయినట్టు, ఈసారి తన చేతుల్లోనే. అప్పుడు గీకెయ్యాలి. తప్పు మొహాన్ని ఇంట్లో పెట్టుకుని దానికి అమ్మీ అని ఎట్లా చెప్పుకోవడం, పిల్లలు పుడితే వాళ్లకు ఇదే మీ దాదీ అని ఎట్లా చూపించడం. చెయ్యి జేబు మీదికి పోయింది. బ్లేడు ఉంది.

మసీదు వైపు నుంచి మైకులో టక్ టక్ మని వేలితో కొట్టిన చప్పుడు. మైకు! కరీం లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. మైకు పలికిందంటే కరెంటొచ్చిందా? గదిలోకి చూశాడు, చీకటి. మసీదులో బ్యాటరీ ఉంటుంది, మరిచిపోయాడు. వాళ్లు సిద్ధమవుతున్నారు. పొద్దు ఇళ్ల కప్పుల మధ్య సందులోకి దిగి ఎర్రగా, వెడల్పుగా, వీధికి అడ్డంగా నేరుగా వస్తోంది. ఇంకా కాసేపు, అంతే. తస్బీ చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో కరీం గమనించలేదు.

"కరీం."

గదిలోంచి అబ్బా గొంతు. లేచి వస్తున్నాడేమో, చెప్పులు ఇవ్వాలేమో అనుకున్నాడు.

"జర పక్కకు జరుగు. పొద్దుకు అడ్డం కూసున్నవ్."

చలిగా ఉందేమో ముసలాయనకు. కరీం మంచం పట్టె మీది నుంచి లేచి గోడ వారకు జరిగాడు. ఇంతసేపూ అతని వీపు ఆపిన ఎండ ఒక్కసారిగా వాకిలి దాటి, గడప దాటి, గాజు మీద పడింది. ఇటు నుంచి చూస్తే ఏం మారలేదు, అదే మురికి టేపు, పైన కొంచెం మెరుపు. లోపల ఏదో కదిలింది. బల్బు హోల్డరు కిర్రుమంది. అబ్బా డబ్బాలో చెయ్యి పెట్టి బల్బు తిప్పుతున్నాడు. తీసేస్తున్నాడు. ఇక కరెంటొచ్చినా లాభం లేదు. కాదనడానికి ఒక మాట ఖర్చుపెట్టడం కూడా ఆయనకు ఇష్టం లేదు. వంటింట్లో హనీఫా గరిట ఆగిపోయింది.

అప్పుడు అబ్బా ఒక మాట అన్నాడు. కరీం ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు, పిల్లల ముందు భార్య పేరు పలికే మనిషి కాదు ఆయన.

"అమీరున్నీసా."

పిలిచినట్టు లేదు. గడపలో కనిపించిన మనిషిని చూసి, వచ్చినవా, అన్నట్టు ఉంది. కరీం గడప ఎట్లా దాటాడో, డబ్బా పక్కనుంచి ఎట్లా దూరాడో తెలియదు. గదంతా చీకటి. చీకట్లో అబ్బా గోడకు ఆనుకుని, ఒక చేతిలో బల్బు పట్టుకుని, డబ్బా వెనక ఖాళీలోంచి చూస్తున్నాడు. కరీం ఆయన పక్కన కూలబడి తలెత్తాడు. పొద్దు మొత్తం ఆ గాజు వెనకాల ఉంది. ఏ బల్బూ ఇవ్వని వెలుగు, గుంతలో బొగ్గుల వెలుగు. బుగ్గ తేనె, కళ్ల కింద బెల్లం, జుట్టు కాలిన పెనం. తను చేసిన మొహమే, ప్రతి పొరా తను వేసిందే, కాని ఈమెను తను ఎప్పుడూ చూడలేదు. ఈమె తళ్లెలో లేదు. ఎదురుగా కూర్చుంది. అటు ఉండే మచ్చ ఇటు ఉంది. అటు వంగిన పెదవి ఇటు వంగింది. అంతే తేడా. ఆ తేడాలో ఆమె చుట్టపు మనిషి నుంచి తల్లి అయిపోయింది.

అబ్బా వేలు గాలిలో లేచి, తాకకుండా, ఆ వెలుగు చీలిక దగ్గర ఆగింది.

"పొయ్యి ఎప్పుడు ఆమెకు కుడి దిక్కే ఉండేది. గందుకే కుడి కనుబొమ కాలింది. ముందలికెళ్లి జూస్తె ఎడమకు కనబడ్డది. వచ్చుడు వచ్చుడే జూసిన. బల్బు ఎలగలే గద, అయినా గా చీలిక మెరిసింది. గిదేంది, వీడు తప్పు జేసిండు అనుకున్న."

ముందు నుంచి చూశాడా? వచ్చీ రాగానే, చాయ్ తాగుతూ, మంచం వైపు చూస్తున్నట్టు నటిస్తూ? కరీంకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారింది. తప్పేం చేయలేదు అబ్బా, నాకు అట్లనే గుర్తున్నది అన్నాడు.

"అట్లనే ఉంటది బేటా. నువ్వు ఒడిల కూసుండి తళ్లెల జూసినవ్. నేను ఎదురుంగ కూసుండి జూసిన."

మైకు గరగరమని, గొంతు సవరించుకుని, అజాన్ మొదలైంది. కరీం అబ్బా వైపు చూశాడు, లేస్తాడని. లేవలేదు. పెదవులు మాత్రం అజాన్‌కు జవాబు చెబుతున్నాయి. పొద్దు కుంకింది, మిగిలిన ఎరుపు గాజు అడుగు అంచు నుంచి ఆమెను తీసేస్తూ వచ్చింది, ముందు మెడ, తర్వాత గడ్డం, తర్వాత నోరు. కళ్లు కాసేపు ఉన్నాయి. చివరికి ఆ చీలిక ఒక్కటే, సూది మొనంత, అదీ ఆరిపోయింది. అజాన్ అయిపోయింది. అప్పుడు లేచాడు అబ్బా, మోకాళ్ల మీద చేతులు ఆనించి, చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు. జమాత్ సంచీ భుజానికి తగిలించాడు.

సరిగ్గా అప్పుడు వీధిలో పిల్లలు ఓ అని అరిచారు. మైసమ్మ ఇంట్లో రేడియో మధ్యలోంచి అందుకుంది, హనీఫా వంటింట్లో లైటు వెలిగింది. గోడ మీదికి మైసమ్మ తల వచ్చింది, మీ అమ్మ వచ్చిందారా అంటూ. డబ్బా మాత్రం చీకటిగా ఉంది, హోల్డరు ఖాళీగా వేలాడుతోంది. వచ్చి పోయింది అవ్వా, అన్నాడు కరీం.

గడప దగ్గర అబ్బా ఆగాడు. చేతిలో ఇంకా బల్బు ఉందని అప్పుడే గుర్తొచ్చినట్టు చూసుకుని, కొడుకు అరచేతిలో పెట్టాడు. అది వెలగకుండానే వెచ్చగా ఉంది.

"నలభై రోజులకు మల్ల గిదే తొవ్వన వస్త," అన్నాడు. "గప్పటిదాక గా డబ్బా ఎన్కను గోడకు ఆనియ్యకు."